నాడి 48 కొడుతోంది, గోలీ బంద్ పెట్టాలా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాపుకు 66 ఏండ్లు. నిరుడు దసరా అయినంక గుండె దడ వచ్చి వరంగల్‌ల చూపిస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు అన్నరు. అప్పటి నుంచి పొద్దున మెటోప్రొలాల్ 50, అమియోడరోన్ 200, రెండు పూటలా అపిక్సాబాన్ 5 వేసుకుంటున్నడు. దడ తగ్గింది. కానీ రెండు నెలల నుంచి బీపీ మిషన్‌ల నాడి 48, 50 చూపిస్తున్నది. ఒకరోజు 44 చూపెట్టింది. పొద్దుగాల మంచం మీదికెల్లి లేస్తే చక్కర్ వస్తున్నదంటడు. చేనుకు పోయొచ్చినంక బాగా అలసిపోతున్నడు. మా ఊరి ఆరెంపీ గోలీ సగం చేసి వెయ్యమన్నడు. మా అన్న మొత్తం బంద్ పెట్టమంటున్నడు. ఏం చెయ్యాలె? ఇంకోటి, బీపీకి ఐదారేండ్ల నుంచి వేరే గోలీ ఉన్నది, పట్టీ మీద అమ్లోడిపిన్, అటెనొలాల్ అని ఉన్నది. నీటికాసులకు రెండు కండ్లల్ల టిమొలాల్ చుక్కలు పొద్దున, రాత్రి వేస్తం.

సమాధానం: మీరు 'ఇంకోటి' అని చివర్లో కలిపిన ఆ రెండు వాక్యాల్లోనే సగం జవాబు ఉంది. మెటోప్రొలాల్, అటెనొలాల్, టిమొలాల్. మూడు పేర్లూ ఒకసారి పైకి చదవండి. మూడింటి తోక ఒకటే. మూడూ బీటా బ్లాకర్లు, అంటే గుండె వేగాన్ని తగ్గించే ఒకే కుటుంబం మందులు. గుండె డాక్టరు ఒకటి రాశారు, బీపీ డాక్టరు ఒకటి, కంటి డాక్టరు ఒకటి. ఎవరి చీటీ వాళ్లకు సబబే. మూడు చీటీలూ ఒక్కచోట పెట్టి చూసినవాళ్లు లేరు. వీటి పైన అమియోడరోన్, అదీ వేగం తగ్గించేదే. నాడి 48కి దిగడంలో వింతేమీ లేదు.

కాబట్టి గోలీ సగం చేయడమూ వద్దు, మొత్తం బంద్ పెట్టడమూ వద్దు. ఈ రోజే గుండె డాక్టరుకు ఫోన్ చేసి మందుల పేర్లు, ఎంత మోతాదు, రోజుకు ఎన్నిసార్లు అన్నది చదివి వినిపించండి. 'బీపీకి అటెనొలాల్ 50 కూడా వేసుకుంటున్నాడు, కంట్లో టిమొలాల్ వేస్తున్నాం, నాడి 48, లేస్తే చక్కర్ వస్తోంది' అని ఈ నాలుగు మాటలూ విడువకుండా చెప్పండి. అటెనొలాల్ 50 అన్నది అంచనా మాత్రమే. ఆ జంట గోలీ 25లోనూ, 50లోనూ దొరుకుతుంది, పట్టీ వెనక చిన్న అక్షరాల్లో చూసి సరైన అంకె చెప్పండి. డాక్టరు దొరకకపోతే రేపు పొద్దున వేగం తగ్గించే గోలీలు వేయకముందే ఈసీజీ తీసే దగ్గరి ఆస్పత్రికి బాపును తీసుకుపోండి, మందులన్నీ ఒక సంచీలో వేసుకుని. అపిక్సాబాన్ మాత్రం వేళకు వేయండి. దానికీ నాడి వేగానికీ సంబంధం లేదు. అది గుండె పైగదిలో గడ్డ కట్టి మెదడుకు పోకుండా కాపాడే మందు, ఒక రోజు తప్పినా ఆ కాపలా ఉండదు.

మీ అన్న చెప్పింది ఎందుకు ప్రమాదమో కూడా చూద్దాం. బీటా బ్లాకర్ నెలల తరబడి అడ్డం ఉంటే, అడ్రినలిన్ (గుండెను పరుగెత్తించే హార్మోను) అందుకునే గ్రాహకాలను గుండె కణాలు పెంచుకుంటాయి. మందు ఒక్కసారిగా తీసేస్తే అన్ని గ్రాహకాల మీదా అడ్రినలిన్ పడుతుంది. నాడి 130, 140కి పోవచ్చు, బీపీ ఎగబాకొచ్చు, గుండె రక్తనాళాల్లో పూడిక ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి రావచ్చు. అందుకే ఈ మందులను ఒకటి రెండు వారాల్లో మెల్లగా తగ్గిస్తారు. ఇక ఆరెంపీ గారి 'సగం' మాట. ఏ గోలీలో సగం? అటెనొలాల్ సంగతి ఆయనకు చెప్పారా? మెటోప్రొలాల్‌లో మెల్లగా కరిగే రకం ఉంటుంది, సక్సినేట్ అని రాసి ఉంటుంది. గోలీ మీద గీత ఉంటే ఆ గీత దగ్గర రెండుగా విరవొచ్చు, కానీ నమలకూడదు, పొడి చేయకూడదు. పొడి చేస్తే రోజంతా రావాల్సిన మందు గంటలోనే ఒంట్లోకి దిగుతుంది. డాక్టరు అటెనొలాల్ తీసేసి బీపీకి ఉత్త అమ్లోడిపిన్ రాస్తే గోలీల్లో ఒక్క బీటా బ్లాకరే మిగులుతుంది. మెటోప్రొలాల్ నడుస్తూనే ఉంటుంది కనుక ఎగబాకే భయం తక్కువ. అమ్లోడిపిన్ గుండె వేగం జోలికి పోదు. అదే వరసలోని డిల్టియాజెమ్, వెరాపమిల్ మాత్రం పోతాయి. ఆ రెండింట్లో ఏదైనా బీటా బ్లాకరుతో కలిస్తే గుండెను కొట్టించే కరెంటు పై గది నుంచి కింది గదికి దిగకుండా ఆగిపోయే పరిస్థితి రావచ్చు. అలాంటి జంట ఎవరి ఇంట్లోనైనా ఉంటే అది డాక్టరుకు తెలిసే ఉందా అని అడిగి తీరాలి.

ఇట్లాంటి జోడింపులు ఎట్లా జరుగుతాయంటే, జంట గోలీల వల్ల. అమ్లోడిపిన్‌తో అటెనొలాల్, టెల్మిసార్టాన్‌తో మెటోప్రొలాల్ కలిపిన గోలీలు మన మెడికల్ షాపుల్లో మామూలే. పేరు చివర రెండక్షరాలు చేరతాయంతే. 'బీపీ గోలీ వేసుకుంటాడు' అని డాక్టరుకు చెబితే ఏ గోలీ అన్నది ఆయనకు తెలియదు. ఇంకో చిక్కు, షాపులో పట్టీ కత్తిరించి నాలుగు గోలీలు ఇస్తారు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. బాపు మందులకైనా నిండు పట్టీ తీసుకోండి.

కంటి చుక్కలను ఎవరూ మందుగా లెక్కపెట్టరు. అర శాతం టిమొలాల్ ఒక చుక్కలో సుమారు పావు మిల్లీగ్రాము మందు ఉంటుంది. రెండు కళ్లకూ, రెండు పూటలంటే రోజుకు నాలుగు చుక్కలు, సుమారు ఒక మిల్లీగ్రాము. కొంచెమే అనిపిస్తుంది. కానీ గోలీ అయితే ముందు కాలేయం గుండా పోతుంది, అక్కడ చాలా భాగం విరిగిపోతుంది. చుక్క అట్లా కాదు, కంటి మూలలోని సన్నటి గొట్టం గుండా ముక్కులోకి జారి అక్కడి నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. దీనికి ఖర్చు లేని ఉపాయం ఉంది. చుక్క వేశాక కన్ను మెల్లగా మూసి, ముక్కును ఆనుకుని ఉన్న కంటి మూలను చూపుడువేలి కొసతో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. ఆ గొట్టం మూసుకుని మందు కంట్లోనే నిలుస్తుంది, కంటికీ మంచిదే. ఒక్కో కంటికి ఒక్క చుక్కే. 'పడిందో లేదో' అని రెండోది వేయకండి. టిమొలాల్ బదులు నాడిని తగ్గించని చుక్కలు ఉన్నాయి. అవి సరిపోతాయా అన్నది కంటి డాక్టరు చూసి చెప్పాలి. మీకై మీరు ఆపితే మాత్రం కంటి నరం దెబ్బతింటుంది, నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు.

'అక్టోబర్ నుంచి ఇవే మందులు కదా, రెండు నెలల నుంచే ఎందుకు తగ్గింది?' అని మీకు అనిపించొచ్చు. రెండు కారణాలు కనిపిస్తున్నాయి. ఒకటి అమియోడరోన్. అది కొవ్వులో, కాలేయంలో పేరుకుంటుంది, నిండడానికి వారాలు, నెలలు పడుతుంది. ఆపితే సగం బయటికి పోవడానికే నెల రెండు నెలలు పడుతుంది. పైగా అది కాలేయంలో మెటోప్రొలాల్‌ను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటుంది. అంటే వేసుకునేది 50 అయినా రక్తంలో నిలిచేది ఎక్కువ. అదే అమియోడరోన్ థైరాయిడ్‌ను కూడా మందగింపజేయగలదు, థైరాయిడ్ మందగిస్తే నాడి ఇంకా తగ్గుతుంది, మనిషి అలసిపోతాడు, మలబద్ధకం వస్తుంది. ఈ మందు మీద ఉన్నవాళ్లకు ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కాలేయం పరీక్షలు చేయాలి. మీకు ఏడు నెలలు దాటుతోంది.

రెండోది ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో 66 ఏళ్ల మనిషి చేనుకు పోతున్నారు. చెమటతో నీళ్లు పోతే మూత్రపిండాలకు రక్తం తగ్గుతుంది. మెటోప్రొలాల్ కాలేయం చూసుకుంటుంది, కానీ అటెనొలాల్ బయటికి పోయేది మూత్రపిండాల గుండానే. అవి నెమ్మదిస్తే అటెనొలాల్ ఒంట్లో నిలిచిపోతుంది. నాడి ఇంకా తగ్గుతుంది, తగ్గిన నాడి వల్ల మూత్రపిండాలకు రక్తం ఇంకా తక్కువ అందుతుంది, పొటాషియం పెరుగుతుంది, పెరిగిన పొటాషియం నాడిని మళ్లీ కిందికి లాగుతుంది. ఈ సుడిలో పడితే 48 ఒకటి రెండు రోజుల్లో 30కి దిగిపోవచ్చు. ఎండాకాలంలో ఈ గోలీల మీద ఉన్న పెద్దవాళ్లకు విరేచనాలు పట్టుకుంటే 'ఓఆర్‌ఎస్ తాగితే సరిపోతుంది' అని ఇంట్లో కూర్చోకూడదనేది ఇందుకే. చేను నుంచి వచ్చాక ఒళ్లు నొప్పులని డైక్లోఫినాక్ సూది వేయించుకునే అలవాటు ఉంటే ఇవాళ్టితో బంద్. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, అపిక్సాబాన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం తెస్తుంది, సూది గుచ్చిన చోట కండలో రక్తం గడ్డకట్టి ఉబ్బుతుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు. బీపీకి మంచిదని 'తక్కువ సోడియం' ఉప్పు వాడుతుంటే అందులో ఉండేది పొటాషియం క్లోరైడ్. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో తెలిసేదాకా మామూలు ఉప్పే తక్కువ వాడండి.

ఇక ఆ 44 సంగతి. దాన్ని నేను అంతగా నమ్మను. బీపీ మిషన్ చేతికి చుట్టే పట్టీలోని అదురును బట్టి లెక్కిస్తుంది, లయ తప్పిన గుండెలో కొన్ని దెబ్బలు మిషన్‌కు అందవు. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కూడా అంతే. ఒక దెబ్బ సరిగా, దాని వెంటే ముందుగా తోసుకొచ్చిన దెబ్బ ఒకటి, ఇట్లా జంటలుగా కొట్టుకునే గుండె ఉంటుంది. ముందుగా వచ్చినప్పుడు గుండె ఇంకా రక్తంతో నిండి ఉండదు కాబట్టి ఆ దెబ్బ మణికట్టు దాకా రాదు. ఈసీజీలో 80, చేతికి 40. అలాంటి మనిషికి 'నాడి తక్కువ' అని మందు తగ్గిస్తే అసలు జబ్బు పెరుగుతుంది. అందుకని చేత్తో లెక్కపెట్టడం నేర్చుకోండి.

బాపును ఐదు నిమిషాలు కుర్చీలో ఊరకే కూర్చోబెట్టండి. అంతకు ముందు అరగంట చాయ్, బీడీ వద్దు. అరచేయి పైకి పెట్టించి, మణికట్టు మీద బొటనవేలి వైపు ఎముక పక్కన మీ మూడు వేళ్లు ఆనించండి. మీ బొటనవేలు వాడకండి, దాని సొంత నాడే మీకు తగులుతుంది. గట్టిగా నొక్కితే నాడి మాయమవుతుంది, మెల్లగా ఆనిస్తే చాలు. నిండు నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చవేసే పద్ధతి లయ సరిగా ఉన్నవాళ్లకే. పక్కనే రాయండి, సమంగా కొడుతోందా, మధ్యలో ఆగి ఆగి వస్తోందా, అసలు లెక్కే లేకుండా ఉందా. మీ ఊరి ఏఎన్‌ఎమ్ దగ్గర స్టెతస్కోప్ ఉంటే ఆమెను ఛాతీ మీద వినమని, అదే నిమిషంలో మీరు చేతి దగ్గర లెక్కపెట్టండి. రెండు అంకెలకూ తేడా ఉంటే ఆ తేడాను కూడా రాసుకుని డాక్టరుకు చూపండి. పొద్దున గోలీ వేయకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. రాత్రి రెండింటికి నిద్రలోంచి లేపి వేలికి ఆక్సీమీటర్ పెట్టే ఇళ్లున్నాయి. నిద్రలో ఎవరికైనా నాడి తగ్గుతుంది, ఈ మందుల మీద 40ల్లోకి రావడం మామూలే, ఆ అంకె చూసి ఇంటిల్లిపాదీ నిద్ర చెడగొట్టుకోవడమే మిగులుతుంది.

చక్కర్ ఎందుకు వస్తోందో కూడా ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. పడుకుని ఐదు నిమిషాలయ్యాక బీపీ చూడండి. లేపి నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే లేవడం వల్ల వచ్చే చక్కర్ అది. మామూలు మనిషి లేచినప్పుడు గుండె క్షణంలో వేగం పెంచి తలకు రక్తం తగ్గకుండా చూస్తుంది. బీటా బ్లాకర్ మీద ఉన్న గుండె ఆ పరుగు తీయలేదు, ఒంట్లో నీళ్లు తక్కువుంటే అసలే తీయలేదు. కాబట్టి లేవడాన్ని మూడు ముక్కలు చేయండి. ముందు పడుకునే పిక్కలు, పాదాలు పది పదిహేను సార్లు ఆడించాలి. తర్వాత మంచం అంచున కాళ్లు కింద పెట్టి ఒక నిమిషం కూర్చోవాలి. ఆ తర్వాత ఏదైనా పట్టుకుని నిలబడాలి. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు ఇది మరీ ముఖ్యం. మలబద్ధకంతో ముక్కడం కూడా నాడిని ఇంకా తగ్గిస్తుంది. ఎన్ని నీళ్లు తాగాలన్నది, గుండె నీరసించి కాళ్ల వాపు ఉన్నవాళ్లయితే డాక్టరును అడగాలి. లేకుంటే దాహం వేసేదాకా ఆగకుండా పొద్దుటి నుంచే కొద్దికొద్దిగా తాగించండి. చేను పని పొద్దున తొమ్మిదిలోపు ముగించాలి. నిండు చేతుల అంగీ, తలకు తువ్వాల తప్పనిసరి. అమియోడరోన్ మీద ఉన్నవాళ్ల చర్మం ఎండకు మామూలు వాళ్లకంటే త్వరగా కమిలిపోతుంది. సాయంత్రం కల్లు అలవాటుందేమో మీరు రాయలేదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను మళ్లీ రేపేవాటిలో సారా, కల్లు ముందుంటాయి. మత్తు మందు కలిపిన కల్లయితే దాని చక్కర్ కూడా గోలీల ఖాతాలో పడుతుంది.

ఎంత నాడి ఉంటే ఫరవాలేదు? 60 కింద ఉంటే తక్కువ అని పుస్తకం చెబుతుంది, కానీ ఈ మందుల మీద కూర్చున్నప్పుడు 50 నుంచి 60 ఉండడం మందు పని చేస్తోందనడానికి గుర్తు. మనిషి హుషారుగా ఉండి, మెట్లెక్కి, మాటలాడుతూ నడవగలిగితే 50కి అటూ ఇటూ ఉన్నా చాలామంది డాక్టర్లు కదిలించరు. నాడి 52 ఉండి మనిషి సోలిపోతుంటే దాన్ని వదిలేయరు. మీ బాపుకు 48తో చక్కర్, అలసట రెండూ ఉన్నాయి. అందుకే ఇంత తొందర పెడుతున్నాం. షుగర్ ఉందో లేదో రాయలేదు. ఉండి షుగర్ గోలీలో, ఇన్సులినో వాడుతుంటే, షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈ మందుల వల్ల తెలియవు. చెమట ఒక్కటే మిగిలే గుర్తు. చక్కర్ వచ్చినప్పుడు ఒకసారి షుగర్ కూడా చూడండి.

ఆస్పత్రిలో అడగాల్సినవి ఈసీజీ, క్రియాటినిన్, పొటాషియం, టీఎస్‌హెచ్. ప్రభుత్వ ఆస్పత్రికి పోతే రక్త పరీక్షలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద ఉచితంగా అవుతాయేమో అక్కడే కనుక్కోండి. ఈసీజీలో డాక్టరు చూసేది నాడి ఒక్కటే కాదు. కరెంటు పై గది నుంచి కింది గదికి దిగడానికి 200 మిల్లీ సెకన్లు దాటుతోందా, కొన్ని దెబ్బలు మధ్యలోనే ఆగిపోతున్నాయా, అమియోడరోన్ వల్ల క్యూటీ (ఒక దెబ్బ కొట్టి గుండె మళ్లీ సిద్ధమయ్యేందుకు పట్టే సమయం) సాగిందా అన్నవి కూడా. అటెనొలాల్ తీసేసి, చుక్కలు మార్చాక కూడా నాడి లేవకపోతే 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించి ఉంచే చిన్న ఈసీజీ మిషన్) పెడతారు. కొందరి గుండెలో రెండు జబ్బులూ ఉంటాయి. కాసేపు 140తో దడ, అది ఆగగానే మూడు, నాలుగు సెకన్లు ఏమీ కొట్టుకోకుండా నిశ్శబ్దం, కళ్లు చీకట్లు. వాళ్లకు మందు తగ్గిస్తే దడ, పెంచితే ఆగిపోవడం. అలాంటప్పుడు పేస్‌మేకర్ (గుండె ఆగకుండా కొట్టించే చిన్న యంత్రం) పెట్టి, దాని అండతో మందు కొనసాగిస్తారు. ఆ మాట వినగానే బాపు బెదిరిపోకుండా ఇది ముందే చెప్పి పెట్టండి. ఆరోగ్యశ్రీలో పేస్‌మేకర్ ఉంది, ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కార్డుతో కలవండి.

చేత్తో నిండు నిమిషం లెక్కపెట్టినా 40 లోపే ఉంటే, స్పృహ తప్పినా, తప్పబోయినా, ఛాతీ నొప్పి, కూర్చున్నా దమ్ము రావడం, మాట తడబడడం, చేతులు చల్లబడి చెమటలు పట్టడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. నోట్లో నీళ్లు పోయకండి, లేపి కూర్చోబెట్టకండి. మీరు ఊహించనిది ఇంకొకటి. చక్కర్ వచ్చి పడి తలకు దెబ్బ తగిలితే, లేచి బాగానే మాట్లాడుతున్నా ఆస్పత్రికి తీసుకుపోవాలి. అపిక్సాబాన్ మీద ఉన్నవాళ్లకు తల లోపల రక్తం మెల్లగా చేరి గంటల తర్వాత బయటపడొచ్చు.

డాక్టరు మందు మార్చాక మర్నాడే 72 కోసం చూడకండి. మూత్రపిండాలు బాగుంటే అటెనొలాల్ ప్రభావం రెండు మూడు రోజుల్లో పోతుంది, బాగా లేకుంటే ఇంకొన్ని రోజులు. అమియోడరోన్ ఆపినా దాని బరువు నెలలు ఉంటుంది. ఆ మొదటి రెండు వారాలు రెండు పూటలా నాడి, బీపీ, చక్కర్ వచ్చిందా లేదా అని నోటు పుస్తకంలో రాయండి. కూర్చుని ఉన్నప్పుడు నాడి 110 దాటి అట్లాగే ఉంటున్నా, పాత దడ మళ్లీ తెలుస్తున్నా, గోలీ పెంచకండి, ఆ పుస్తకం ముందు పెట్టుకుని డాక్టరుకు మళ్లీ ఫోన్ చేయండి. ఒక పూట గోలీ మరిచిపోతే మరుసటి పూట రెండు కలిపి వేయకండి.